ఎంజైమ్ ఉంది, చేరాల్సిన చోట లేదు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది పల్నాడు. మా పాపకు ఏడేళ్లు. నాలుగో ఏడు దాటినప్పటి నుంచీ వేళ్లు కొద్దికొద్దిగా ముడుచుకుపోతున్నాయి. ఇప్పుడు గౌను గుండీలు పెట్టుకోలేదు, చేతులు పైకెత్తి జడ పట్టుకోలేదు. పిల్లల కీళ్లవాతమని ఏడాదికి పైగా మందులు వాడాం, గుణం కనబడలేదు. మూత్రం పరీక్ష చేయిస్తే ఏమీ లేదన్నారు. చివరికి హైదరాబాదులో రక్తం పరీక్ష చేసి, ఇది లైసోజోముల జబ్బు, మ్యూకోలిపిడోసిస్ మూడో రకం అన్నారు. కణాలకు ఎంజైములు అందక వస్తుందట. కానీ రిపోర్టు చూస్తే ఎంజైములన్నీ ఉండాల్సిన దానికంటే పది రెట్లకు పైగా ఉన్నాయి! రిపోర్టు ఎవరిదైనా మారిపోయిందేమోనని అనుమానంగా ఉంది. తెలిసినవాళ్లు అరుగుదలకు వాడే ఎంజైమ్ సిరప్ పట్టమంటున్నారు. ఇంకొకరు వారం వారం ఎంజైమ్ ఎక్కించే ఇంజెక్షన్లు వచ్చాయి, ప్రభుత్వం యాభై లక్షలు ఇస్తుంది అంటున్నారు. మాది మేనరికం. మా మేనత్త కొడుకునే చేసుకున్నాను. మా అత్తయ్య, "మా పుట్టింట్లో లేదు, మెట్టింట్లో లేదు, మీ అమ్మ వైపు నుంచే వచ్చింది" అంటోంది. పెద్దవాడికి పదేళ్లు, బాగానే ఉన్నాడు. మరో బిడ్డను కనొచ్చా? మా తమ్ముడికి మా ఆడపడుచునే చేసి కుండమార్పు పెళ్లి జరిపిద్దామని పెద్దలు అనుకుంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీరు పంపిన కాగితాలన్నీ చూశాను. రిపోర్టు మారిపోలేదు. ఈ జబ్బుకు రిపోర్టు ఇలాగే వస్తుంది. రక్తంలో ఎంజైములు అంత ఎక్కువగా ఉండటమే దీన్ని పట్టిచ్చే ఆనవాలు. కణాలకు ఎంజైములు అందడం లేదని మీ డాక్టరు చెప్పిందీ నిజమే. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే సిరప్ గురించి, ఇంజెక్షన్ల గురించి మీకే ఒక స్పష్టత వస్తుంది. ఎవరో చెప్పారని డబ్బు తగలేసుకునే పరిస్థితి రాదు. అందుకని కాస్త ఓపిగ్గా, వీలైతే పాప నాన్నతో కలిసి చదవండి.

మన ఒంట్లో ఎర్ర రక్తకణాలను మినహాయిస్తే దాదాపు ప్రతి కణంలోనూ లైసోజోములనే సన్నని సంచులుంటాయి. పాతబడ్డ పదార్థాలను విడగొట్టి, పనికొచ్చే ముక్కలను కణానికి తిరిగి ఇవ్వడం వాటి పని. ఇందుకు వాటిలో సుమారు 60 రకాల ఎంజైములుంటాయి. కణంలో మిగతా చోట పీహెచ్ 7.2 దగ్గర ఉంటే, ఈ సంచి లోపల 4.5 నుంచి 5 వరకు, అంటే బాగా ఆమ్లంగా ఉంటుంది. సంచి పొరలో ఉన్న పంపులు శక్తి ఖర్చుపెట్టి మరీ ఆ ఆమ్లాన్ని నిలబెడతాయి. ఈ ఎంజైములకు ఆ ఆమ్లం కావాలి. అది లేనిచోట అవి చాలావరకు పని చేయవు. సంచి ఎక్కడైనా చిట్లి ఎంజైములు బయటపడ్డా కణం తనను తాను జీర్ణం చేసుకోకుండా ఇదొక రక్షణ. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డువ్ ఎలుకల కాలేయం మీద పనిచేస్తూ ఈ సంచులున్నాయని గుర్తించి 1955లో లైసోజోములని పేరు పెట్టారు. 1974లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

మృదులాస్థి, చర్మం, కీళ్ల చుట్టూ ఉండే పొర, గుండె కవాటాలు, వీటన్నిటిలోనూ పొడవాటి చక్కెర గొలుసులుంటాయి. అవి ఎప్పటికప్పుడు పాతబడుతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. పాత గొలుసును లైసోజోము ఒక చివర నుంచి ఒక్కో లంకె చొప్పున విప్పుతుంది. ఒక్కో రకం లంకెకు ఒక్కో ఎంజైమ్. వరుసలో ఒకటి లేకపోతే పని అక్కడే ఆగిపోతుంది, గొలుసు ముక్కలు సంచిలోనే పేరుకుపోతాయి, సంచి ఉబ్బుతుంది, కణం పని చెడుతుంది. వీటినే నిల్వ జబ్బులంటారు. పాంపే వ్యాధిలో లైసోజోముకు చెందిన ఒక ఎంజైమ్ లేదని 1963లో హెన్రీ హెర్స్ చూపించడంతో ఈ ఆలోచన మొదలైంది. ఇప్పటికి 50కి పైగా ఇలాంటి జబ్బులు తెలుసు. వాటిలో ఎక్కువ శాతం ఒక్క ఎంజైమ్ లోపించడం వల్ల వచ్చేవే. గాషే అయినా, పాంపే అయినా, హర్లర్ అయినా అంతే.

మీ పాప జబ్బు ఆ వరుసలోది కాదు. పాప కణాలు ఆ ఎంజైములన్నిటినీ చక్కగా తయారు చేస్తున్నాయి. తయారైనవి లైసోజోముకు చేరడం లేదు.

లాండ్రీలో బట్టల మూలన సిరాతో ఒక గుర్తు వేస్తారు చూడండి. వందల ఇళ్ల బట్టలు ఒకేచోట ఉతికినా ఆ గుర్తును బట్టే ఏ ఇంటివి ఆ ఇంటికి వెళ్తాయి. గుర్తు లేని చీర ఎంత శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసినా ఇల్లు చేరదు. లైసోజోము ఎంజైములకూ అలాంటి గుర్తు ఒకటుంది. దాని పేరు మానోజ్-6-ఫాస్ఫేట్.

అది ఎలా పడుతుందంటే: ఎంజైమ్ తయారవుతున్నప్పుడే దాని మీద మానోజ్ చక్కెరలున్న కొమ్మలు అతుకుతాయి. అవి కణంలోని చాలా ప్రొటీన్లకు అతుకుతాయి కాబట్టి అక్కడితో తేడా తెలియదు. తరువాత ఆ ప్రొటీన్లన్నీ గాల్జీ అనే భాగానికి వస్తాయి. అక్కడ ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమ్ కాపు కాసి ఉంటుంది. వచ్చిన ప్రొటీన్లలో లైసోజోముకు వెళ్లాల్సినవి ఏవో వాటి మడతల తీరును బట్టి గుర్తుపట్టి, వాటి మానోజ్ మీద మాత్రమే ఒక ఫాస్ఫేటును, దానికి కప్పుగా మరో చక్కెరను అతికిస్తుంది. కొంచెం ముందుకు పోయాక ఇంకో ఎంజైమ్ ఆ కప్పును తీసేస్తుంది, గుర్తు బయటపడుతుంది. గాల్జీ చివర ఉండే గ్రాహకాలు ఆ గుర్తును పట్టుకుని, ఎంజైములను చిన్న తిత్తుల్లోకి ఎక్కించి లైసోజోము వైపు తీసుకుపోతాయి. దారిలో ఆమ్లం పెరిగేసరికి గ్రాహకం పట్టు వదిలేస్తుంది. ఎంజైమ్ ముందుకు వెళ్తుంది, గ్రాహకం మరో విడత కోసం వెనక్కి వస్తుంది. లైసోజోము పని చేసే లైసోజోముగా తయారయ్యేది ఇలా. ఎంజైములను పని చేసే చోటికి చేర్చడానికి ఇంకో ఎంజైమ్ కావాలన్నమాట. మీ పాపలో సరిగా పని చేయనిది గుర్తు వేసే ఆ ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్.

ఈ సంగతి బయటపడిన తీరు చెప్పకుండా ఉండలేను. ఎందుకంటే మీకొచ్చిన అనుమానమే ఒకప్పుడు పెద్ద పెద్ద ప్రయోగశాలలకూ వచ్చింది. 1967లో జూల్స్ లెరాయ్ బృందం, ఈ జబ్బులోనే తీవ్రమైన రెండో రకం ఉన్న కొందరు పిల్లల చర్మకణాలను పెంచి చూస్తే, కణం నిండా నల్లటి రేణువులు కిక్కిరిసి కనిపించాయి. తరువాతి ఏళ్లలో చూస్తే ఆ కణాల్లో ఒకటి కాదు, అనేక లైసోజోము ఎంజైములు లేవు. అదే కణాలు పెరుగుతున్న ద్రవంలో మాత్రం అవే ఎంజైములు పుష్కలంగా ఉన్నాయి. సంచికి చిల్లి పడి కారిపోతున్నాయేమో అని అప్పట్లో అనుకున్నారు.

అమెరికాలో ఎలిజబెత్ న్యూఫెల్డ్ అప్పటికే ఒక అద్భుతమైన ప్రయోగం చేసి ఉన్నారు. హర్లర్, హంటర్ అనే రెండు వేర్వేరు జబ్బులున్న పిల్లల కణాలను 1968లో ఆమె బృందం ఒకే గిన్నెలో కలిపి పెంచింది. రెండు రకాల కణాలూ బాగుపడ్డాయి. ఒకదానిలో లేని ఎంజైమును ఇంకొకటి బయటికి వదులుతోంది, ఇది లోపలికి తీసుకుంటోంది. బయటి నుంచి ఇచ్చిన ఎంజైమ్ కణం లోపలికి, లైసోజోము దాకా చేరగలదని తెలిసింది అప్పుడే. ఇవాళ ఎంజైమ్ ఎక్కించే వైద్యానికి పునాది అదే.

1972లో స్కాట్ హిక్‌మన్‌తో కలిసి న్యూఫెల్డ్ ఈ రేణువుల కణాల సంగతి తేల్చారు. ఆ కణాలు బయటికి వదిలిన ఎంజైమును వేరే కణాలకు ఇస్తే అవి తీసుకోలేదు. ఆరోగ్యవంతుల కణాల నుంచి వచ్చిన ఎంజైమును ఈ కణాలకు ఇస్తే శుభ్రంగా తీసుకుని లోపల దాచుకున్నాయి. అంటే సంచికి చిల్లు లేదు, తలుపు బాగానే తెరుచుకుంటోంది, ఎంజైమ్ మీద ఉండాల్సిన ఏదో ఆనవాలు లేదు. ఆ ఆనవాలు మానోజ్-6-ఫాస్ఫేట్ అని 1977లో విలియం స్లై బృందం చూపించింది. ఆ గుర్తు వేసే ఎంజైమే ఈ పిల్లల్లో లోపించిందని 1981లో రెండు బృందాలు తేల్చాయి. ఒకటి జర్మనీలో కుర్ట్ ఫాన్ ఫిగురాది. రెండోది సెయింట్ లూయిస్‌లో స్టువర్ట్ కార్న్‌ఫెల్డ్‌ది. ఆ రెండో బృందంలో ఉన్న అజిత్ వర్కీ మన వేలూరు సి.ఎం.సి.లో చదువుకున్న డాక్టరు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న రిపోర్టు తీసి చూడండి. హెక్సోసామినిడేజ్, ఆరిల్‌సల్ఫటేజ్-ఏ, ఇంకా మిగతా పేర్లు. గుర్తు పడని ఈ ఎంజైములు కణం నుంచి బయటికి, రక్తంలోకి వచ్చేస్తున్నాయి. అందుకే అంకెలు అంత పైకి వెళ్లాయి. రక్తంలో అన్ని ఎంజైములు తిరుగుతుంటే అవి ఒంటిని కరిగించేస్తాయా అని మీరు రాయలేదుగానీ చాలామంది తల్లులు అడుగుతారు. రక్తం పీహెచ్ 7.4. అక్కడ ఆమ్లం లేదు కాబట్టి వాటి పని జరగదు. ఆ విషయంలో భయం వద్దు.

మూత్రం పరీక్షలో ఏమీ కనిపించకపోవడానికీ కారణముంది. దానితో సాధారణంగా వెతికేది మ్యూకోపాలిశాకరిడోసిస్ అనే గుంపు జబ్బులను. పాప జబ్బు పైకి వాటిలాగే ఉంటుంది. అయితే ఆ జబ్బుల్లో మూత్రంలో పెరిగే పెద్ద చక్కెర గొలుసులు దీనిలో సాధారణంగా పెరగవు. తెల్ల రక్తకణాల్లో ఎంజైములు కొలిచినా మామూలుగా కనిపించే అవకాశం ఉంది. కాలేయం, తెల్ల రక్తకణాలు మొదలైనవాటికి ఈ గుర్తు లేకుండానే ఎంజైములను లైసోజోముకు చేర్చుకునే వేరే దారులు కొన్ని ఉన్నాయి. ఎముక, మృదులాస్థి, కీలు పొర, గుండె కవాటం లాంటి చోట్ల ఉండే కణాలు ఎక్కువగా ఈ గుర్తు మీదే ఆధారపడతాయి. అందుకే పాపకు దెబ్బ వేళ్ల మీద, భుజాల మీద పడింది. ప్లాస్మాలో, అంటే కణాలు తీసేసిన రక్తద్రవంలో, కొలవాలని గుర్తొచ్చిన మీ హైదరాబాదు డాక్టరు మంచి పని చేశారు.

కీళ్లవాతమనుకోవడం కూడా ఈ జబ్బులో తరచూ జరిగేదే. తేడా ఏమిటంటే ఇక్కడ కీలు ఎర్రబడదు, వేడెక్కదు, వాపుతో ఉబ్బదు. వాపును తెలిపే ఇ.ఎస్.ఆర్. లాంటి రక్తపరీక్షల అంకెలు సాధారణంగా పెరగవు. కీలు చుట్టూ ఉన్న పొర దళసరెక్కి బిగుసుకుపోతుంది, అంతే. వాతం మందులతో దీనికి ఉపయోగం లేదు. అయితే ఇంట్లో ఇంకా స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే మీ అంతట మీరు ఒక్కరోజులో ఆపేయకండి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఇక సిరప్ మాట. అరుగుదలకు ఇచ్చే ఎంజైమ్ పేగులో ఉన్న తిండి మీద పని చేస్తుంది. తరువాత అది కూడా ఒక ప్రొటీనే కాబట్టి మిగతా ప్రొటీన్లలాగే అరిగిపోతుంది. రక్తంలోకి రాదు, కణంలోకి పోదు. దాని పేరులో ఎంజైమ్ అనే మాట ఉండటం తప్ప పాప జబ్బుతో దానికి ఏ సంబంధమూ లేదు. కణాలను శుభ్రం చేస్తాయంటూ అమ్మే పొడులదీ ఇదే సంగతి. దయచేసి కొనకండి.

ఇంజెక్షన్ల మాటలో నిజముంది. అది పాపకు వర్తించదు. గాషే వ్యాధికి 1991 నుంచి, హర్లర్ ఉన్న మ్యూకోపాలిశాకరిడోసిస్ మొదటి రకానికి 2003 నుంచి, పాంపేకి 2006 నుంచి ఎంజైమును రక్తంలోకి ఎక్కించే మందులున్నాయి. జాతీయ అరుదైన వ్యాధుల విధానం, 2021 కింద అర్హులైన రోగులకు గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సాయం అందే ఏర్పాటూ ఉంది. ఆ మందుల్లో ఒక్కోదానిలో ఉండేది ఒక్క ఎంజైమ్. మీ పాప కణాలకు డజన్ల కొద్దీ ఎంజైములు అందడం లేదు. న్యూఫెల్డ్ ప్రయోగం చెప్పినట్టు పాప కణాల తలుపు తెరిచే ఉంది, గుర్తున్న ఎంజైమ్ ఇస్తే తీసుకుంటాయి. కానీ అన్నిటినీ విడివిడిగా తయారు చేసి ఎక్కించే మందు ఏదీ లేదు. ఉన్నా రక్తంలో ఎక్కించినది మృదులాస్థికి, గుండె కవాటానికి చాలా కొద్దిగానే చేరుతుంది. ఈ జబ్బులోనే తీవ్రమైన రెండో రకం ఉన్న పసిపిల్లలకు ఎముక మూలుగ మార్పిడి చేసి చూశారు. ఆశించినంత ఫలితం రాలేదు. ఎవరైనా ఇంజెక్షన్ తెప్పిస్తామని డబ్బు అడిగితే ఒక్క పైసా ఇవ్వకండి. మూలానికి మందు ఇవాళ లేదు. ఈ మాట మీకు రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ తెలియకపోతే మీకు జరిగే నష్టం ఇంకా ఎక్కువ.

మందు లేదంటే చేయగలిగింది లేదని కాదు. రెండో రకంలో పుట్టుకతోనే లక్షణాలు మొదలై బిడ్డ పసితనంలోనే దూరమవుతుంది. పాపది మూడో రకం. దీనిలో గుర్తు వేసే ఎంజైమ్ పూర్తిగా పోలేదు, కొంత పని చేస్తోంది. జబ్బు ఏళ్ల తరబడి నెమ్మదిగా నడుస్తుంది. ఈ పిల్లలు పెద్దవాళ్లవుతారు. తెలివితేటలు చాలామందిలో మామూలుగానే ఉంటాయి, కొందరిలో మాత్రం కొద్దిపాటి వెనుకబాటు కనిపిస్తుంది. కాబట్టి చదువు ఏ కారణం చేతా ఆపొద్దు. వేళ్లు సహకరించక రాత నెమ్మదైతే పరీక్షల్లో సహాయకుడిని, అదనపు సమయాన్ని అడగడం పాప హక్కు. అందుకోసం సదరం సర్టిఫికెట్‌కు ఇప్పుడే దరఖాస్తు చేయండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే చట్టం ఇచ్చే సౌకర్యాలు చాలానే వర్తిస్తాయి.

ఫిజియోథెరపీ విషయంలో ఒక జాగ్రత్త. ముడుచుకున్న వేళ్లను బలవంతంగా సాగదీసి వంచితే తిన్నగా అవుతాయని ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి చికిత్స చేసేవాళ్లు కూడా అనుకుంటారు. ఈ జబ్బులో అది నొప్పి తప్ప ఏమీ ఇవ్వదు, కీలు పొర మరింత దెబ్బతినే ప్రమాదముంది. పాప తనంతట తాను కదపగలిగినంత మేర కదిపించాలి. గోరువెచ్చని నీళ్లలో ఆడుకుంటూ చేసే కదలికలు పిల్లలకు హాయిగా ఉంటాయి. నూనె పెట్టి గట్టిగా మర్దన చేసే వైద్యం చేయించొద్దు.

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం ఈ పిల్లల్లో తరచూ వస్తుంది. పెద్దవాళ్లలాగా తిమ్మిరి అని చెప్పడం వాళ్లకు రాదు. వస్తువులు చేతిలోంచి జారిపోతుంటాయి, బొటనవేలి కింద కండ తగ్గిపోతుంది. నరాల పరీక్ష ఒకసారి చేయించండి. నొక్కుడు ఉంటే చిన్న ఆపరేషన్‌తో నరాన్ని విడిపించవచ్చు, ఆలస్యమైతే కండ తిరిగి రాదు. ఏడాదికోసారి గుండెకు ఎకో తప్పనిసరి, కవాటాలు దళసరెక్కుతున్నాయేమో తెలుస్తుంది. తుంటి కీళ్లకు, వెన్నుకు ఎక్స్‌రేలు, కంటి పరీక్ష డాక్టరు చెప్పిన వ్యవధిలో చేయించండి. పెద్దయ్యే కొద్దీ అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది తుంటి. యుక్తవయసు దాటాక తుంటి మార్పిడి చేయించుకుని తిరుగుతున్నవాళ్లున్నారు. ఎముకల నొప్పి ఎక్కువగా ఉంటే పామిడ్రోనేట్ అనే మందు కొందరికి ఉపశమనం ఇచ్చింది. అది అవసరమా కాదా అన్నది పాపను చూసే డాక్టరు నిర్ణయించాలి.

అన్నిటికంటే గట్టిగా చెబుతున్నది మత్తుమందు గురించి. పంటి కోసమైనా, చెవి కోసమైనా, ఏ చిన్న ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వాల్సి వస్తే, జబ్బు పేరు ముందే మత్తు డాక్టరుకు చెప్పాలి. ఈ పిల్లల్లో శ్వాసమార్గం ఇరుకుగా, దవడ, మెడ బిగుతుగా ఉండి గొట్టం వేయడం కష్టమవుతుంది. అలాంటివి చూసిన అనుభవమున్న పెద్ద ఆసుపత్రిలోనే చేయించండి. జబ్బు పేరు ఒక కాగితం మీద రాసి పాప బడి సంచిలో, మీ పర్సులో ఉంచండి. పాప రాత్రిళ్లు గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే వెంటనే చెప్పాలి.

ఇప్పుడు వంశం సంగతి. మీ కాగితాల్లో జన్యు పరీక్ష కనబడలేదు. అది చేయించాలి. ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్‌లోని భాగాలను తయారు చేసే సమాచారం రెండు జన్యువుల్లో ఉంటుంది. ఒకటి 12వ క్రోమోజోము మీది జీఎన్‌పీటీఏబీ, రెండోది 16వ దాని మీది జీఎన్‌పీటీజీ. మూడో రకం ఈ రెండిట్లో దేనివల్లనైనా రావచ్చు. హైదరాబాదులో నిమ్స్‌తో కలిసి ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరీక్షల, పరిశోధనల సంస్థ సి.డి.ఎఫ్.డి. అరుదైన వ్యాధులకు జాతీయ స్థాయి కేంద్రంగా ఉంది. నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగంలో చూపించి ఎక్కడ, ఎలా చేయించాలో అడగండి. ముందు పాప రక్తంలో మార్పు ఏదో పట్టుకోవాలి. తరువాత మీ దంపతులిద్దరికీ అదే మార్పు చూడాలి.

జన్యువులు మనకు జతలుగా ఉంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. జతలో ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది, ఆ మనిషికి ఏ జబ్బూ ఉండదు. మీరూ మీ ఆయనా అలాంటివాళ్లే. రెండూ చెడినవి వచ్చిన బిడ్డకే జబ్బు వస్తుంది. కాబట్టి పాపకు ఒకటి మీ నుంచి, ఒకటి మీ ఆయన నుంచి వచ్చింది. మీ ఆయనకు ఆయన తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుంది. అంటే "మీ అమ్మ వైపు నుంచే" అన్న మాట ఎలా చూసినా నిలవదు. పాపలో రెండు చోట్లా ఒకే మార్పు కనిపిస్తే, మీ నాన్నకూ మీ మేనత్తకూ తల్లిదండ్రులైన మీ తాత, నాయనమ్మల్లో ఒకరి దగ్గర నుంచి అది రెండు దారుల్లో దిగి వచ్చిందని అనుకోవచ్చు. అప్పుడు మీ అత్తయ్య కూడా దాన్ని మోస్తున్న మనిషే అవుతుంది. ఈ సంగతి ఆమెను ఓడించడానికి వాడకండి. ఆమెకు తెలియకుండా ఆమె ఒంట్లో ఉన్నదానికి ఆమె తప్పేమీ లేదు, మీ తప్పూ లేదు. ఇలాంటి మార్పులు ప్రతి మనిషిలోనూ కొన్ని ఉంటాయి. మేనరికంలో జరిగేదల్లా, ఒకే పూర్వీకుడి మార్పు ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరగడం. వీలైతే కౌన్సెలింగ్‌కు ఆవిడనూ వెంట తీసుకెళ్లండి. ఇంట్లో మీరు చెబితే వాదన అవుతుంది, అక్కడ డాక్టరు బొమ్మ గీసి చూపిస్తే వింటారు.

మరో బిడ్డను కనొచ్చా అంటే, కనొచ్చు. ప్రతి కాన్పుకూ 25 శాతం అవకాశం బిడ్డకు జబ్బు రావడానికి ఉంటుంది. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి ఇక రాదనుకోవద్దు, ప్రతిసారీ లెక్క మొదటి నుంచే. గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి బిడ్డకు జబ్బు ఉందో లేదో చూడవచ్చు. లేదా 16 వారాలప్పుడు ఉమ్మనీరు తీసి చూడవచ్చు. ఏ మార్పు కోసం వెతకాలో ముందే తెలిసి ఉండాలి. అందుకే పాప జన్యు పరీక్ష ఫలితం చేతికొచ్చాకే గర్భం గురించి ఆలోచించండి. ఇప్పుడు నెల తప్పి ఉంటే మాత్రం ఆగకుండా ఈ వారమే వెళ్లండి.

బాబు పదేళ్లు ఆరోగ్యంగా ఉన్నాడు కాబట్టి వాడికి ఈ జబ్బు లేదనే అనుకోవచ్చు. వాడు ఆ మార్పును మోస్తుండే అవకాశం మూడింట రెండు వంతులు. దానివల్ల వాడికేమీ కాదు. ఇప్పుడు పరీక్ష చేయించి పిల్లవాడి మీద ముద్ర వేయనక్కరలేదు. పెద్దయ్యాక, పెళ్లి నాటికి, తనే నిర్ణయించుకుంటాడు.

మీ తమ్ముడి పెళ్లి మాట మాత్రం పరీక్ష దాకా ఆపించండి. పాపకు వచ్చింది మీ తాత, నాయనమ్మల్లో ఒకరి నుంచి దిగిన ఒకే మార్పు అయితే, మీ తమ్ముడు దాన్ని మోస్తుండే అవకాశం సగం, మీ ఆడపడుచు మోస్తుండే అవకాశం సగం. వాళ్లిద్దరికీ పుట్టే బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం పదహారింట ఒకటి. బయటి సంబంధాల్లో ఈ జబ్బు చాలా అరుదు, అది గుర్తుపెట్టుకుని ఈ అంకెను చూడాలి. పాపలో మార్పు ఏదో తెలిశాక వాళ్లకు మొత్తం జన్యువు వెతకనక్కరలేదు, ఆ ఒక్క చోటు చూస్తే చాలు, కొద్దిగా రక్తం ఇస్తే సరిపోతుంది. ఇద్దరిలో ఒకరికే ఉంటే వాళ్ల పిల్లలకు ఈ జబ్బు భయం లేదు. ఇద్దరికీ ఉంటే, నన్నడిగితే, ఆ సంబంధం వద్దనే చెబుతాను. పెద్దలు ముహూర్తం తొందర పెడితే, పాప జన్యు పరీక్ష ఫలితం రావడానికి కొన్ని వారాలు పడుతుందని, అంతవరకు తాంబూలాలు పుచ్చుకోవద్దని మీ నాన్నగారి చేత చెప్పించండి.